చావడి 12 గంటలు, బొండ 6 గంటలు

'మునసబు' అన్న మాటకు మూలం అరబ్బీ 'మున్సిఫ్'. న్యాయం చేసేవాడని అర్థం. 'ఇన్సాఫ్' దాని తోబుట్టువు. శిస్తు వసూలు చేసే గ్రామాధికారికి ఈ పేరేమిటని నా విద్యార్థులు అడుగుతుండేవారు. జవాబు 1816లో ఉన్నది.

ఆ యేడు చెన్నపట్నం ప్రభుత్వం న్యాయపాలనకై కొన్ని రెగ్యులేషన్లు చేసింది. వాటి వెనుక ఉన్నవాడు థామస్ మన్రో. ఊరి తగవు ఊరిపెద్దే తీర్చాలన్నది ఆయన పట్టుదల. నాలుగవ రెగ్యులేషను గ్రామపెద్దకు 10 రూపాయల లోపు వ్యాజ్యాలు అప్పగించింది. పదకొండవది అతణ్ణి గ్రామ పోలీసుకు అధిపతిని చేసి, శిక్ష వేసే అధికారమూ ఇచ్చింది. అతడు ధర్మశాస్త్రం చదవనక్కరలేదు. తండ్రి తరువాత కొడుకు, సాధారణంగా అంతే.

తిట్లు, చిన్నపాటి కొట్లాటలు, ఇవే అతని పరిధి. 12 గంటలకు మించకుండా నేరస్థుణ్ణి నిర్బంధించవచ్చు. నిర్బంధమంటే ఊరి చావడే. ఇంతేనా అనిపిస్తుంది. కాని అక్కడే ఇంకొక మాట ఉన్నది. నేరస్థుడు 'తక్కువ' కులాలవాడై, అంతటి అవమానకరమైన శిక్ష అతనికి తగనిది కాకపోతే, 6 గంటలకు మించకుండా బొండలో వేయవచ్చును. బొండ తెలియని యువమిత్రుల కోసం చెబుతున్నాను: రెండు దుంగల నడుమ రంధ్రాలలో కాళ్ళు ఇరికించి బిగించే కొయ్య.

గడియారం లెక్కన ఆరు పన్నెండులో సగం. తక్కువ కులంవానికి శిక్ష తగ్గించినట్లే ఉన్నది! కాని చావడిలో కూర్చున్నవాడు మర్నాడు మామూలుగా పొలానికి పోగలడు. బొండలో పడ్డవాణ్ణి పిల్లలతో సహా ఊరంతా చూస్తుంది. ఇది అవమానమని శాసనకర్తకు తెలియకపోలేదు, తన వాక్యంలోనే ఒప్పుకున్నాడు. పట్టుకునేవాడూ, విచారించేవాడూ, శిక్షించేవాడూ ఒక్కడే అయినప్పుడు, పై అధికారికి మొర చేరేలోపు ఆరు గంటలూ గడిచిపోతాయి. అధికారం ఎంత చిన్నదైతే దానిని అడిగేవాడు అంత కరువు.

మన్రో 1827లో పత్తికొండలో కన్నుమూశాడు. సీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారని ప్రతీతి. ఆ ఆదరణ ఊరికే రాలేదు, నిజమే. ఈ వాక్యం మాత్రం ఆయన ఖాతాలోనిదే అని నేననుకుంటాను.

1860 నాటి శిక్షాస్మృతి నేరస్థుని కులం అడగలేదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు మేజిస్ట్రేట్లకు తరగతులవారీగా హద్దులు గీసింది: మూడవ తరగతికి నెల ఖైదు, 50 రూపాయల జరిమానా, రెండవదానికి ఆరు నెలలు, 200, మొదటిదానికి రెండేళ్ళు, 1000. పట్టణాలలో జీతం లేని ఆనరరీ మేజిస్ట్రేట్లు కూడా ఈ తరగతులలోనే ఇమిడారు. అయితే ఆ కోడు మొదటి సెక్షనులోనే ఒక మినహాయింపు కనబడుతుంది: చెన్నపట్నం రాజధానిలోని గ్రామపెద్దలకు ఇది వర్తించదు. పేరు పెట్టి మరీ వదిలారు. 1816 నాటి గ్రామపెద్ద అధికారం ఆ సందులో నిలిచిపోయింది. ఇది కోస్తా, సీమ జిల్లాల కథ. నైజాము తెలంగాణకు చట్టాలు వేరు.

1984 జనవరిలో ఆర్డినెన్సుతో మునసబు ఉద్యోగమే పోయింది. 'మునసబుగారి ఇల్లు' అన్న గుర్తు చాలా ఊళ్ళలో ఇంకా ఉన్నది. 'బొండ' అంటే మాత్రం నా దగ్గర చదివిన పిల్లలకు మైసూరు బోండాయే గుర్తుకొచ్చేది.