చెల్లని కాసు

చార్మ్ బ్రేస్‌లెట్ చరిత్ర ఎవరు రాసినా ముందు విక్టోరియా రాణి పేరే వస్తుంది. 1840లో తొలి కూతురు పుట్టినప్పుడు ఆల్బర్ట్ ఆమెకి చేతి గొలుసు ఒకటి ఇచ్చాడు. దానికి ఎనామెల్ పూసిన గుండె ఆకారపు బుల్లి లాకెట్. తర్వాత బిడ్డకో రంగు చొప్పున లాకెట్లు చేరి మొత్తం తొమ్మిదయ్యాయి. ఒక్కోదాంట్లో ఆ బిడ్డ జుట్టు పాయ. అందమైన కథే. కాకపోతే అది డబ్బున్న ఇంటి కథ. నగ చేయించలేనివాళ్లు పెళ్లాడబోయే పిల్ల చేతికి ఏం కట్టారన్నది నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. వాళ్లు జేబులో ఉన్న నాణేన్నే తీసి, ఆకురాయితో అరగదీశారు.

ఇంగ్లండ్‌లో ఈ అలవాటు పాతదే. మూడో విలియం కాలం నాటి, అంటే 1690ల నాటి వెండి సిక్స్‌పెన్స్‌లు పొలాల్లో ఇప్పటికీ దొరుకుతుంటాయి. వాటిలో కొన్ని రెండు చోట్ల వంగి, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా ఉంటాయి. అవి మట్టిలో పడి వంగినవి కావు, కావాలని వంచినవి. అలా వంచిన నాణేన్ని మనసుపడిన పిల్లకి ఇచ్చేవాళ్లు. ‘ఇది నేనింక ఖర్చుపెట్టను’ అని మాటిచ్చినట్టన్నమాట.

1797లో బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాలతో పెద్ద రాగి పెన్నీలు ముద్రించాడు. ఒక్కోటీ ఔన్సు బరువు, 36 మిల్లీమీటర్ల వెడల్పు. అంచు మందంగా ఉండడంతో జనం వాటిని బండిచక్రాలన్నారు. ఆస్ట్రేలియాకి ప్రవాస శిక్ష పడిన ఖైదీలకి ఆ వెడల్పే పలకలా పనికొచ్చింది. రాజు తలనీ, బ్రిటానియా బొమ్మనీ అరగదీసి, ఆ నున్నటి రాగి మీద పేర్లూ తేదీలూ శిక్షాకాలమూ చెక్కారు. ఉలి లేకపోతే సూదిమొనతో చుక్కలు పొడిచారు. భార్యకో, చేసుకోవాలనుకున్న పిల్లకో ఇచ్చి ఓడ ఎక్కారు. 1788 నుంచి 1868 దాకా సుమారు 1,60,000 మంది అలా వెళ్లారు. వాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ. కాన్‌బెర్రాలోని జాతీయ మ్యూజియంలో ఈ పెన్నీలు 300కి పైగా ఉన్నాయి.

ఇవి చేతికెక్కి బ్రేస్‌లెట్లయింది మాత్రం అమెరికాలో, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో. పది సెంట్ల డైమ్ 18 మిల్లీమీటర్ల కన్నా కొంచెం చిన్నది, 90 శాతం వెండి. మెత్తగా తెగుతుంది, కొక్కేనికి వేలాడితే బరువనిపించదు. చాలావాటిలో ‘ఒక డైమ్’ అని విలువ రాసి ఉన్న పక్కే అరగదీశారు. అక్కడ పొడి అక్షరాలు అల్లికలా చెక్కి, పైన కొక్కెం టంకం పెట్టి గొలుసుకి తగిలించారు. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది, మరొకటి స్నేహితురాలిది. అక్షరాలు చదవడం తెలిస్తే అది ఆ పిల్ల మోసుకెళ్లే వంశవృక్షం.

ఇంతవరకూ చదివాక నాకు మన కాసులపేరు గుర్తొచ్చింది. అదీ నాణేల వరసే, అదీ పెళ్లికూతురి ఒంటి మీదదే. లంబాడీ ఆడవాళ్ల నగల్లోనైతే అసలు సిసలు పాత రూపాయలే కొక్కేలు తగిలించుకుని కనిపిస్తాయి. అయితే మనవాళ్లు నాణెం ముఖం చెరపరు. లక్ష్మీదేవి అయినా, తెల్లరాజు తల అయినా అలాగే ఉంచుతారు. కోస్తాలో ఇవాళ్టికీ బంగారాన్ని కాసుల్లో కొలుస్తారు. కాసంటే 8 గ్రాములు, ఇంచుమించు ఇంగ్లీషు సవరన్ బరువే. నాణెం నగ అయినా డబ్బుగానే ఉండాలన్నది మన లెక్క.

ఆ లెక్క ఎందుకో మా ఇంట్లోనే తెలిసింది. పోయినేడు మా పిన్ని కూతురి పెళ్లికి ఆ డైమ్‌ల పద్ధతిలో ఒక బ్రేస్‌లెట్ చేశాను. చలామణీలో ఉన్న నాణేన్ని పాడుచేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం కాబట్టి, కంసాలి దగ్గర ఏడు వెండి బిళ్లలు తెచ్చుకున్నాను. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో అక్షరం. ఇంగ్లీషు అక్షరాల్లో సగం గీతలే, ఉలి తిన్నగా పోతుంది. తెలుగు అక్షరమంతా గుండ్రం. ‘ర’ చెక్కాలంటే చేయి తిప్పితే కుదరదు, ఉలిని కదలకుండా పట్టుకుని బిళ్లని తిప్పాలి. నాలుగు శనివారాలు పట్టింది.

అమ్మమ్మ దాన్ని అరచేతిలో ఆడించి చూసి, “బాగుందిరా. తాకట్టుకి ఏమన్నా వస్తుందా?” అంది.

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆవిడ కాసులపేరులో ఇప్పుడు కాసులు సగమే ఉన్నాయి. మామయ్య చదువుకి కొన్ని, తాతయ్య ఆపరేషన్‌కి కొన్ని విప్పి అమ్మేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి సమాన వాటా ఇచ్చే సవరణ 1985 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లైపోయినవాళ్లకి అది వర్తించలేదు. అమ్మమ్మ పెళ్లి అంతకు చాలా ముందే అయిపోయింది. పుట్టింటి నుంచి ఆవిడకి వచ్చిన ఆస్తి మెడలో ఉన్నదే. దాని ముఖం ఎవరో ప్రేమ కొద్దీ అరగదీసి ఉంటే మామయ్య చదువు ఆగిపోయేది.

అలాగని అవతలివాళ్లది ఉత్త భావుకత్వమేనా అంటే, అలా అనిపించదు. ఇంగ్లండ్‌లో 1870, 1882 చట్టాలు వచ్చేదాకా, పెళ్లైన ఆడదాని చరాస్తి చాలావరకు చట్టం దృష్టిలో భర్తదే. అలాంటి చోట డబ్బు విలువ ఉన్న వస్తువేదైనా ఆమెది కాకుండా పోవచ్చు. గీకి పారేసిన పెన్నీ మీద మాత్రం ఎవరు ఆశపడతారు? అప్పులవాడికీ అక్కర్లేదు, మొగుడికీ అక్కర్లేదు. పనికిరానిది కాబట్టే అది పూర్తిగా ఆమెదిగా మిగిలి ఉంటుందని నా ఊహ. మన భాషలో ‘చెల్లని కాసు’ తిట్టు. అక్కడ ఆ చెల్లకపోవడమే ఆమెకి దక్కిన హక్కు.

ఈ రెండూ పెళ్లికూతుర్ని కాపాడాలనుకున్న నగలే. ఒకటి ఆపదొస్తే కరిగి ఆదుకుంటుంది. ఇంకొకటి ఏ ఆపదకీ కరగకుండా, ఎవరు గుర్తుండాలో వాళ్లని గుర్తుంచుతుంది. చట్టం వాటా ఇవ్వని చోట మొదటిది లేకుండా బతకడం కష్టం. మా చెల్లికి ఉద్యోగం ఉంది, వాటా ఉంది. రెండోది పెట్టుకు తిరిగే వెసులుబాటు ఆమెకి అలా వచ్చింది. అమ్మమ్మ ప్రశ్న నాకు మొరటుగా కాక, చరిత్ర తెలిసిన మనిషి అడగాల్సినదిగా వినిపించింది అందుకే.

ఆ ఖైదీల పెన్నీలకి, ఆ డైమ్‌లకి ఇప్పుడు వేలంలో మంచి ధర పలుకుతోంది. మామూలు నాణెంగా ఉండుంటే వచ్చేదానికంటే చాలా ఎక్కువ. డబ్బు కాకుండా చేసిన వస్తువు తిరిగి డబ్బయింది. దాని మీది రెండు పొడి అక్షరాలు ఎవరివో అమ్మినవాళ్లకీ తెలియదు, కొన్నవాళ్లకీ తెలియదు.