క్వా భాషల్లో లోగ్బా స్థానం: నామవర్గాల సాక్ష్యానికి ఉన్న పరిమితి

ఘానా ఆగ్నేయాన, టోగో సరిహద్దుకు చేరువలోని వోల్టా కొండల్లో లోగ్బా భాష వాడుకలో ఉంది. మాట్లాడేవారు దీన్ని ఇక్పనా అంటారు. కోఫీ డోర్వ్లో 2008లో లైడెన్‌లో వెలువరించిన సమగ్ర వ్యాకరణం వారి సంఖ్యను సుమారు 7,500గా పేర్కొంది. ఈ భాషను నైజర్–కాంగో కుటుంబపు క్వా శాఖలో ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు నామవర్గాలు జవాబు చెప్పలేవనీ, ఉమ్మడి నవకల్పనలే (కొన్ని భాషలు కలిసి తెచ్చుకున్న కొత్త మార్పులే) చెప్పగలవనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

లోగ్బా నామాలకు ముందు చేరే ప్రత్యయాలు వర్గాన్నీ వచనాన్నీ తెలుపుతాయి. తెలుగులో ‘వాడు వచ్చాడు’, ‘అది వచ్చింది’ అన్నప్పుడు మహదమహద్భేదం క్రియ చివర తెలుస్తుంది. లోగ్బాలో కర్త ఏ వర్గానిదో క్రియ మొదట్లోనే తెలుస్తుంది. ఇరుగుపొరుగున ప్రాబల్యం గల ఎవే భాషలో ఇలాంటి వర్గవ్యవస్థ లేదు. అకాన్‌లో అవశేషాలే మిగిలాయి. ఈ తేడా వల్లే లోగ్బా వంటి ఘానా–టోగో కొండభాషలు చాలాకాలం పండితులను తికమకపెట్టాయి. 1912లో స్ట్రుక్ వీటిని టోగో అవశేష భాషలన్నాడు. 1952లో వెస్టర్‌మన్, బ్రయన్ వీటిని విడి సమూహంగానే ఉంచారు.

అయితే నామవర్గాలు నైజర్–కాంగో కుటుంబానికంతటికీ చెందిన పాత ఆస్తి. ఒకే పాత లక్షణాన్ని రెండు భాషలు నిలుపుకున్నంత మాత్రాన అవి ఒకే ఉపశాఖవి కావు. ఇంకొకటి దాన్ని పోగొట్టుకున్నంత మాత్రాన పరాయిదీ కాదు. ద్రావిడ భాషల విషయంలో భద్రిరాజు కృష్ణమూర్తి, మోజెస్, డాన్‌ఫోర్త్ 1983లో చేసిన పరిశోధన కూడా ఉపశాఖల నిర్ణయానికి ఉమ్మడి ధ్వనిమార్పునే ఆధారం చేసుకుంది.

1968లో బెర్న్డ్ హైనె ఈ కొండభాషలను ‘మాంసం’ అనే అర్థమున్న పదాన్ని బట్టి నా–టోగో, కా–టోగో అని విడదీశాడు. లోగ్బా నా–టోగోలో చేరింది. దాని పొరుగు భాషలైన అవటిమే, న్యాగ్బో, టాఫీ మాత్రం కా–టోగోలో చేరాయి. 1989లో స్టీవర్ట్ ఈ రెండు గుంపులనూ క్వాలోనే ఉంచినా, వేర్వేరు కొమ్మలకు చేర్చాడు. అంటే, కొండభాషలన్నీ ఒకే మూలం నుంచి విడివడ్డాయన్న నమ్మకమే సడలింది.

అందుచేత లోగ్బాను ఆ పొరుగు భాషలతో పోల్చేటప్పుడు కనిపించే ప్రతి పోలికనూ మూడు రకాలుగా పరీక్షించాలి: అది పాత వారసత్వమా, ఇరుగుపొరుగు ప్రభావమా, ఉమ్మడి నవకల్పనా? మూడోది మాత్రమే ఉపశాఖను నిరూపిస్తుంది. బడిలోనూ చర్చిలోనూ ఎవే చెలామణి అవుతున్న చోట రెండో రకం పోలికలు పెరుగుతూ పోవడం సహజం. కాబట్టి లోగ్బా, దాని తోటి నా–టోగో భాషల పదజాలాన్ని, ధ్వనిమార్పులను విస్తృతంగా నమోదు చేయడం అత్యవసరం. ఆ నమోదు పూర్తయ్యేదాకా క్వా వంశవృక్షంలో ఏ కొమ్మ గీసినా దాన్ని తాత్కాలికంగానే పరిగణించాలి.