యాంటీబాడీలు కనిపించకపోతే టీకా వృథా అయినట్టేనా?

కోవిడ్ టీకాల తొలి ప్రయోగ పరీక్షల్లో కీమోథెరపీ తీసుకుంటున్నవారికి దాదాపు చోటు దక్కలేదు. వారి శరీరం టీకాకు ఎలా స్పందిస్తుందో 2021లో విడిగా కొలవాల్సి వచ్చింది.

లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు ఫైజర్ టీకా ఒక డోసు వేసిన మూడు వారాలకు రక్తం పరీక్షిస్తే ఆరోగ్యవంతుల్లో 94 శాతం మందికి యాంటీబాడీలు వచ్చాయి. గడ్డల రూపంలో వచ్చే క్యాన్సర్లున్నవారిలో 38 శాతానికి, రక్త క్యాన్సర్లున్నవారిలో 18 శాతానికే వచ్చాయి. 21వ రోజున రెండో డోసు వేయించుకున్న గడ్డ క్యాన్సర్ రోగుల్లో అది 95 శాతానికి చేరింది. బ్రిటన్ రెండో డోసును 12 వారాల దాకా జాపుతున్న రోజులవి, అందుకే ఈ ఫలితానికి అంత విలువ. అయితే ఆ 95 శాతం 19 మందిని చూసి చెప్పిన మాట. రక్త క్యాన్సర్లలో రెండో డోసు తర్వాత చూసింది ఐదుగురినే. వీటిని బట్టి మొగ్గు ఎటో తెలుస్తుంది గాని, కచ్చితమైన శాతాలు తేలవు.

రక్త క్యాన్సర్లలో లోటు కొంత జబ్బుది, కొంత మందుది. యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాలు బీ కణాల నుంచే పుడతాయి. లింఫోమాలో ఎక్కువగా చెడేవి ఆ బీ కణాలే. చికిత్సకు ఇచ్చే రిటుక్సిమాబ్ వాటి మీదున్న సీడీ20 ప్రోటీన్‌ను పట్టుకుని మంచివాటినీ చెడ్డవాటినీ కలిపి తుడిచేస్తుంది. చివరి మోతాదు తర్వాత కనీసం ఆరు నెలలు గడిస్తే గాని అవి పుంజుకోవు. ఇజ్రాయెల్‌లో దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా ఉన్న 167 మందిని పరిశీలించారు. రెండు డోసుల తర్వాత, అసలు చికిత్సే మొదలుపెట్టనివారిలో 55 శాతం మంది, చికిత్సలో ఉన్నవారిలో 16 శాతం మంది స్పందించారు. అంతకుముందు ఏడాదిలో సీడీ20 మందు తీసుకున్నవారిలో ఒక్కరికీ యాంటీబాడీలు రాలేదు. చికిత్స అవసరమైనవారిలో జబ్బు సహజంగానే ముదిరి ఉంటుంది కనుక, 55కీ 16కీ మధ్య తేడానంతా మందుకే అంటగట్టడం సరికాదు.

బ్రిటన్‌లో 585 మంది రోగులతో జరిగిన క్యాప్చర్ అధ్యయనం మరో కోణం చూపింది. రెండు డోసుల తర్వాత సుమారు 80 శాతం మందిలో టీ కణాలు స్పందించాయి. ఇవి వైరస్ సోకిన కణాలను చంపి జబ్బు ముదరకుండా తోడ్పడతాయి. మామూలు యాంటీబాడీ పరీక్షలో ఇవి కనబడవు. కాబట్టి నెగటివ్ రిపోర్టు చూపించి టీకా దండగైందని రోగితో అనడం అన్యాయం. అలాగని టీ కణాలున్నాయి కదా అని ధీమా ఇవ్వడానికీ ఈ లెక్క చాలదు.

వీలైతే చికిత్సకు రెండు వారాల ముందే టీకా వేయించడం మేలు. సజీవ సూక్ష్మజీవులతో చేసిన టీకాలు మాత్రం కీమో సమయంలో వద్దు. టీకా కోసం క్యాన్సర్ చికిత్సను ఆపడమూ తగదు. రిటుక్సిమాబ్ నడుస్తున్నప్పుడు ఇంట్లోవాళ్లంతా టీకా వేయించుకోవడం రోగి సొంత డోసుతో సమానంగా పట్టించుకోవలసిన పని.