కార్డులు కొట్టిన చేతులు

కంప్యూటర్ల చరిత్ర అనగానే కనిపించేవి యంత్రాల పేర్లు, వాటి పక్కన కొద్దిమంది మగవాళ్ల పేర్లు. మెయిన్‌ఫ్రేముల పాత మాన్యువళ్లు చదువుతూ, ఆ చరిత్రలో ఆడవాళ్ల పని ఎక్కడుందా అని వెతికాను. 'సిస్టం జనరేషన్' అనే అనుకోని చోట అది నాకు దొరికింది.

ఐబిఎం 1964 ఏప్రిల్ 7న సిస్టం/360 కంప్యూటర్లను ప్రకటించింది. వాటిని నడిపే ఓఎస్/360ని ప్రతి కంప్యూటర్ కేంద్రమూ తన దగ్గరున్న యంత్రాలకు తగ్గట్టు తానే తయారుచేసుకోవాలి. అదే సిస్టం జనరేషన్. ఇక్కడ జనరేషన్ అంటే తరం కాదు, పుట్టించడం. ఏ డిస్కు, ఏ టేపు, ఏ ప్రింటరు ఏ చిరునామాలో ఉన్నాయో 'మాక్రో'లనే చిన్న ఆదేశాలుగా రాసి, కార్డుల మీదికి ఎక్కించాలి. చివరి ఆదేశం పేరు 'జనరేట్'. ఈ కట్టను అసెంబ్లర్‌కి ఇస్తే అది ఇంకో కార్డుల కట్టను ఇస్తుంది. ఆ తర్వాత నడపాల్సిన పనులన్నీ అందులో వరసగా ఉంటాయి. మొదటి కట్టలో తప్పులుంటే రెండోది రాదు. రెండోది నడిస్తేనే ఆపరేటింగ్ సిస్టం పుడుతుంది. మొదటి కట్టలో చెప్పని యంత్రం గదిలో కళ్లెదురుగా ఉన్నా, ఆ సిస్టం దృష్టిలో లేనట్టే.

మరి ఆ కార్డులు కొట్టిందెవరు? సాధారణంగా ప్రోగ్రామర్ కోడింగ్ షీటు మీద రాసిచ్చేవాడు. కీపంచ్ గదిలో వరసగా కూర్చున్న ఆపరేటర్లు దాన్ని కార్డుల్లోకి కొట్టేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. కార్డుకి 80 నిలువు వరసలు. ఆదేశం ఒక కార్డులో పట్టకపోతే 72వ వరసలో గుర్తు పెట్టి, తర్వాతి కార్డులో 16వ వరస నుంచి కొనసాగించాలి. ఒక్క గడి పక్కకి జరిగినా లెక్క తప్పుతుంది. అందుకే ఇంకో ఆపరేటర్ వెరిఫయర్ మీద అదంతా మళ్లీ కొట్టి సరిచూసేది. సరిపోతే కార్డు అంచున చిన్న గాటు పడేది. ఇంత నేర్పు అవసరమైన పనిని టైపింగు కింద జమకట్టారు. బుర్ర షీటు రాసినవాడిది, చేతులు ఈమెవి అన్నారు. ఇంటిపని విషయంలో మనకు బాగా తెలిసిన లెక్కే ఇది.

ప్రోగ్రాములు రాసిన స్త్రీలు లేరని కాదు. అసెంబ్లీ భాషకు తొలిరూపం ఇచ్చినవాళ్లలో కాథ్లీన్ బూత్ ఒకరు. 1947 నాటికే ఆమె ఆ పనిలో ఉన్నారు. 2022లో, నూరేళ్ల వయసులో చనిపోయారు.

1972 ఆగస్టు 2న ఐబిఎం వి.ఎం./370ని ప్రకటించింది. ఒకే కంప్యూటర్‌ని పంచుకునే ప్రతి ఒక్కరికీ తనకో పూర్తి కంప్యూటర్ ఉన్న భ్రమను కల్పించే సిస్టం అది. అలా కల్పించినదే వర్చువల్ మెషీన్. కొత్త సిస్టంని పుట్టించడానికి అసలు యంత్రాన్ని ఖాళీ చేయించే అవసరం దీంతో తగ్గింది. పక్కవాళ్లు తమ పని చేసుకుంటుండగానే ఒక వర్చువల్ మెషీన్‌లో ఆ పని సాగించవచ్చు. ఈ ఊహా కంప్యూటర్‌కి ఊహా కార్డ్ రీడర్, ఊహా పంచ్, ఊహా ప్రింటర్ ఉన్నాయి. వాటి మామూలు చిరునామాలు 00సి, 00డి, 00ఇ. అసెంబ్లర్ 'పంచ్' చేసింది అట్ట మీద పడదు, డిస్కులోకి పోయి అక్కణ్ణుంచి రీడర్‌కి చేరుతుంది. 80 వరసలు మాత్రం అలాగే ఉన్నాయి. నేటి జడ్/వి.ఎం.లోనూ ఈ రీడర్, ఈ పంచ్ ఉన్నాయి.

ఇక్కడే నేను ఆగిపోయాను. కార్డు పోయినా దాని ఆకారానికి చోటు దొరికింది. కార్డు కొట్టినామెకు దొరకలేదు. పైగా టెర్మినళ్లు వచ్చాక ప్రోగ్రామరే అవే అక్షరాలు స్వయంగా టైపు చేసుకున్నాడు. అప్పుడది గుమాస్తా పని అనిపించుకోలేదు, ప్రోగ్రామింగులో భాగమైపోయింది. పని మారలేదు, చేసే మనిషి మారితే దాని విలువ మారింది.

వి.ఎం. చరిత్రను విస్తారంగా రాసింది మెలిండా వేరియన్ అనే స్త్రీ. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, వి.ఎం.ని తయారుచేసినవాళ్లను పేరుపేరునా నమోదు చేశారామె. 1980లలో వి.ఎం. నిర్వహణ గురించి తను రాసిన పాఠానికి, అమ్మ మీకెప్పుడూ చెప్పని సంగతులు అని అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. సరదాకి పెట్టినా అందులో నిజముంది. మాన్యువళ్లలో లేని విద్య ఒకరి నోటి నుంచి ఇంకొకరికి చేరుతుంది, మన వంటల్లాగే.

కార్డులు కొట్టినవాళ్ల చరిత్ర కూడా అలా నోటి నుంచే రావాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆ దారి ఎప్పుడో చూపించింది. తెలంగాణ పోరాటంలో పనిచేసిన స్త్రీలు అందులో తమ మాటల్లో తామే చెప్పుకున్నారు. మన ఆఫీసుల్లో పంచ్ కార్డులతో, ఆ తర్వాత డేటా ఎంట్రీతో ఏళ్లు గడిపిన స్త్రీలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. ఏం కొట్టారు, ఎంత వేగంతో కొట్టారు, ఎవరి తప్పులు దిద్దారు అని మనం వాళ్లని అడగలేదు. వాళ్లు చెప్పగలిగి ఉండగానే అడగాలి.