బ్యాటరీల యుగధర్మము



నేటి ప్రసంగమునకు విషయము మన యిండ్లలో తరచుగా వినబడు నొక ఫిర్యాదు. "తీగ తగిలించితిని, దీపము వెలుగుచున్నది, అయినను ల్యాప్‌టాపు బ్యాటరీ నిండుటలేదు" అని మనుమలు చెప్పుచుందురు. కాకినాడ కళాశాలలలో చదువుకొను పిల్లలకు ఈ యంత్రమే పలకయు, పుస్తకమును. పరీక్షకు ముందురాత్రి అది మూగవోయినచో ఆ యింటి కలవరము చెప్పనలవి గాదు. అప్పుడు పెద్దలు తలయొక సలహా నిత్తురు. "పూర్తిగా అయిపోనిచ్చి మరల నింపుము" అని యొకరు, "ఎల్లప్పుడును నిండుగా నుంచుము" అని మరియొకరు, "చెడినది, క్రొత్తది కొనుము" అని వేరొకరు. ఈ మాటలలో మొదటి రెండును అబద్ధములు కావు. అవి వేరొక బ్యాటరీని గూర్చిన సత్యములు. ఒక యుగధర్మము మరియొక యుగమున చెల్లనట్లే, ఒక తరము బ్యాటరీకి హితమైనది తరువాతి తరమునకు అహితమగును. ఇది తెలియుటకు కొంత పూర్వకథ వినవలయును.

1800వ సంవత్సరమున ఇటలీదేశీయుడగు వోల్టా యను పండితుడు లోహపు బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీటిలో తడిపిన గుడ్డముక్కల నుంచి, ఎడతెగక ప్రవహించు విద్యుత్తును పుట్టించెను. అదియే ప్రథమ బ్యాటరీ. కాని అది ఒక్కసారి వాడుటకే తగినది. సత్తువ ఉడిగిన పిమ్మట మరల నింపుటకు వీలులేదు. మరల నింపదగిన దానిని 1859లో ప్లాంటే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. గంధకికామ్లములో ముంచిన సీసపు రేకులే దాని సర్వస్వము. నేటికిని మోటారుబండ్లలోను, మన యిండ్ల ఇన్వర్టర్లలోను ఉన్నది ఆ వంశములోనిదే. తిరుపతి ప్రాంతమున 1985లో గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిన అమరరాజా సంస్థ ప్రసిద్ధికెక్కినదియు ఈ జాతి బ్యాటరీలతోనే.

మద్రాసులో 1938వ సంవత్సరమునను, విజయవాడలో 1948వ సంవత్సరమునను రేడియో కేంద్రములు వెలసిన కాలమున మన పల్లెలలో అనేకములకు కరెంటు లేదు. అట్టిచోట్ల రేడియో పెట్టెకు బ్యాటరీయే ప్రాణము. సీసపు బ్యాటరీకి ఖాళీగా పడియుండుట ప్రాణాంతకము. రేకులపై తెల్లని స్ఫటికములు గట్టిపడి, తరువాత ఎంత కరెంటు పంపినను అది పుచ్చుకొనదు. కావున "ఎల్లప్పుడును నిండుగా నుంచుము, తగ్గినప్పుడు స్వేదనజలము పోయుము" అనునది ఆ యుగధర్మము.

1899లో స్వీడను దేశపు యుంగ్నరు నికెలు, కాడ్మియము అను లోహములతో వేరొక జాతిని సృష్టించెను. తొలినాటి ల్యాప్‌టాపులలోను, చేతి ఫోనులలోను ఈ జాతిది వాడబడెను. దీనికొక వింత గుణము కలదు. ప్రతిదినమును సగమే వాడి నింపుచుండినచో, క్రమముగా ఆ సగమే తన శక్తియని అలవాటుపడును. కనుక "అప్పుడప్పుడు అడుగంట వాడి నింపుము" అనునది దాని ధర్మమైనది.

నేటి ల్యాప్‌టాపులో నున్నది లిథియము బ్యాటరీ. దీనికి విటింగ్‌హాము 1970 దశకమున పునాది వేసెను. గుడినఫ్ 1980లో బలము చేకూర్చెను. జపాను దేశీయుడగు యోషినో 1985లో దానిని క్షేమముగా వాడదగినట్లు రూపొందించెను. 1991లో సోనీ సంస్థ దానిని అంగడికి తెచ్చెను. 2019లో ఈ మువ్వురకును రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 సంవత్సరములు. ఈ లిథియము బ్యాటరీ తత్త్వము మధ్యేమార్గము. అడుగంటినను దానికి హాని. నూరుపాళ్లు నిండి వేడిలో నిలిచియున్నను హాని. మొదట చెప్పిన రెండు సలహాలును దీని విషయమున చెల్లకపోవుటకు హేతువిదియే.

ఇక అది నిండనప్పుడు చేయవలసిన దేమి? దీనికి మన డెల్టా రైతే గురువు. కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను 1847లో ఆరంభించి 1852కు ముగించిన నాటినుండి మన రైతులకొక పద్ధతి యలవడినది. శివారు పొలమునకు నీరందనిచో రైతు పొలమును నిందింపడు. లాకు, కాలువ, తూము, బోదె, ఒక్కొక్కటియే చూచుకొనుచు వచ్చును. బ్యాటరీయు శివారు పొలము వంటిదే. పొలము సంగతి కడపటిది.

మొదటిది గోడలోని సాకెట్టు. వేరొక దీపమును తగిలించి చూడవలెను. మన పల్లెలలో వోల్టేజి కొంత తగ్గుట సామాన్యమే గాని, అడాప్టరులు చాలవరకు 100 మొదలు 240 వోల్టుల వరకును పనిచేయును; ఆ సంగతి వాని పైననే ముద్రింపబడి యుండును.

రెండవది అడాప్టరు. దానిపై దీపము వెలిగినంత మాత్రమున చాలినంత శక్తి యిచ్చుచున్నదని నమ్మరాదు. నేడు ఫోనుకును ల్యాప్‌టాపుకును ఒకే ఆకారపు మొన గల తీగలు వచ్చినవి. 65 వాట్లు కోరు యంత్రమునకు 15 వాట్ల ఫోను ఛార్జరు తగిలించుట పిల్లబోదెతో పదియెకరములు తడుపబూనుటయే. చీటీపై నున్న వాట్లను యంత్రముతో వచ్చిన దానితో సరిపోల్చవలెను.

మూడవది తీగయు, అది దూరు రంధ్రమును. మొనయొద్ద తీగ మడతపడి లోపల తెగుచుండును. కాకినాడవంటి తీరపట్టణములలో ఉప్పుగాలి లోహపు మొనలను చిలుము పట్టించును. యంత్రము నార్పి, తీగ తీసి, పొడి మెత్తని కుంచెతో దుమ్ము తుడువవచ్చును. సూదులు, పిన్నులు దూర్పరాదు.

నాలుగవదానిని మన పెద్దలు సాధారణముగా ఎరుగరు. లోపల కాలువ లస్కరువంటి కావలివాడొకడు కలడు. అది యొక చిన్న విద్యుద్యంత్రాంగము. బ్యాటరీ ఆయువును కాపాడుటకు 60 లేక 80 శాతమునొద్ద తూము మూయుమని దానికి కొన్నింట ఆజ్ఞ యుండును. బ్యాటరీ వేడిమి సుమారు 45 డిగ్రీలు దాటినను అది నింపుటను ఆపును. రోహిణికార్తెలో పరుపుపై యంత్రము నుంచి పనిచేయు బాలుడు "బ్యాటరీ చెడినది" అనుకొనును; నిజమునకు కావలివాడు తన ధర్మము నెరవేర్చుచున్నాడు. నీడలో చల్లబడనిచ్చి, యంత్రపు అమరికలలో ఆ హద్దు ఉన్నదేమో చూడవలెను. ఒక్కొక్కప్పుడు కావలివాడే మతి తప్పును. అప్పుడు యంత్రమును పూర్తిగా ఆర్పి, తీగ తీసి, పవరు మీటను అరనిమిషము నొక్కిపట్టి, మరల తగిలించినచో పెక్కింట తెలివి వచ్చును. 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపాను వంటిది రానున్నదని హెచ్చరిక విన్నప్పుడు మాత్రము ఆ హద్దును తొలగించి నూరుపాళ్లు నింపుకొనుట యుక్తము. ఆపత్కాలమునకు ఆపద్ధర్మము కలదు గదా!

ఇవి యన్నియు సరిగా నున్నప్పుడే బ్యాటరీని శంకింపవలెను. లిథియము బ్యాటరీలలో అనేకములు 300 మొదలు 500 సార్లు నిండి తరిగిన పిదప ముదిమి పొందును. క్రొత్తలో నెంత పట్టెడిదో, నేడెంత పట్టుచున్నదో కొన్ని యంత్రములు తామే నివేదించును. సగమునకు తగ్గినచో మార్చుటయే తగును. బ్యాటరీ ఉబ్బి అడుగుమూత లేచినచో ఇక పరీక్షలు వలదు. వెంటనే తీగ తీసివేయవలెను. నొక్కరాదు, పొడువరాదు, అది నిప్పంటుకొనవచ్చును. నిపుణునిచే తీయించి, చెత్తకుప్పలో వేయక, పాతవానిని సేకరించు వారికి అప్పగింపవలెను. 2022లో వచ్చిన నిబంధనలు ఆ భారమును తయారుచేయువారిపై నుంచినవి.

శ్రోతలారా! మన యనుభవము వ్యర్థము కాదు. బోదె వెంట నడచిన ఓర్పు ఈనాటికిని పనికివచ్చును; సీసపు బ్యాటరీకి చెప్పిన విధి మాత్రము పనికిరాదు. మనుమడు యంత్రము తెచ్చి చూపినప్పుడు "క్రొత్తది కొనుము" అనుటకు ముందు వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, గోడనుండి బ్యాటరీ వరకును వరుసగా చూడుడు. వేలరూపాయలు మిగులవచ్చును, వానికొక పద్ధతి పట్టుబడును.

సెలవు.