పిస్టనుకు తగిన రాడు

నాంపల్లి రైల్వే స్టేషను నుండి ఆబిడ్స్ కూడలికి నడచిపోవుటకు ఎంతో సేపు పట్టదు. స్టేషను 1907లో వెలసినది. కూడలికి ఆ పేరు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కొలువులోనుండిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణము వలన వచ్చినది. ఈ దారిలో మోటారు చప్పుడు మనకు అలవాటైపోయినది. ఆ చప్పుడు ఆగకుండుటకు మరమ్మతుశాలలలో మిస్త్రీలు పడిన పాట్లను తలచువారు అరుదు.

1930లో నిజాము ప్రభుత్వము రైల్వేను కంపెనీ నుండి కొనెను. 1932 జూన్ నెలలో ఆ రైల్వేయే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను తెరచెను. నాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండు దేశపు గ్లాస్గోలో తయారైనవి. ఏ భాగము విరిగినను క్రొత్తది సముద్రము దాటి రావలయును. 1939లో యుద్ధము వచ్చి ఓడల రాక సన్నగిల్లగా, విదేశపు మోటారు గలవారికి వేరొక పాత ఇంజను నుండి ఊడదీసిన భాగమే గతియయ్యెను. చిక్కు ఇచ్చటనే కలదు.

పిస్టను సిలిండరులో పైకి క్రిందికి ఆడును. కనెక్టింగు రాడు ఆ ఆటను క్రాంకు షాఫ్టు తిరుగుడుగా మార్చును. ఇంజను నిమిషమునకు 2,000 సార్లు తిరిగినచో పిస్టను 4,000 సార్లు వెనుదిరుగును. తిరిగిన ప్రతిసారియు రాడుపై భారము పడును. రాడు విరిగెనా, ఇంజను గోడనే చీల్చుకొని బయటకు వచ్చును.

కావున సిలిండరులో దూరినంతమాత్రమున పిస్టను సరిపోయినదని తలచరాదు. క్రాంకు త్రిజ్య, రాడు పొడవు, పిన్ను మధ్యనుండి పిస్టను తలవరకు గల ఎత్తు, ఈ మూడింటిని కూడి చూడవలయును. అవి వరుసగా 2½, 10, 3 అంగుళములైన మొత్తము 15½. వేరొక ఇంజనులోని పిస్టను తల 1/8 అంగుళము ఎత్తుగా నుండిన, అది పై మూతకు తగులవచ్చును. బరువు సంగతియు నిట్టిదే. పోత ఇనుప పిస్టనుల నడుమ ఒక్క అల్యూమినియము పిస్టను పెట్టిన ఇంజను వణకును. పైగా అల్యూమినియము వేడికి ఇనుముకంటె దాదాపు రెట్టింపు వ్యాకోచించును గనుక, దానికి సందు ఎక్కువగా విడువనిచో బిగిసికొనిపోవును. చౌకగా దొరకినదని కొన్న భాగము ఇట్లు మిక్కిలి ప్రియమగును.

1949లో మద్రాసున ఇండియా పిస్టన్సు నెలకొనుటతో కొంత ఊరట కలిగెను. 1954లో టాటా మెర్సిడెస్ బెంజి లారీలు వచ్చెను. ఆల్బియన్ అంగుళముల బండి, బెంజి మిల్లీమీటర్ల బండి. 1956లో మెట్రిక్ కొలతల చట్టము వచ్చినను పాత ఇంజనులు మారవుగదా! 1¼ అంగుళమనగా 31.75 మిల్లీమీటర్లు, ఆ బుష్షులో 32 మిల్లీమీటర్ల పిన్ను దూరదు. బుష్షును అరగదీసి దూర్చిన, గోడ పలుచబడును. మా దృష్టిలో అది మరమ్మతు కాదు, వాయిదా మాత్రమే.

నాటి ఆల్బియన్ బస్సు ఒకటి 'దక్కన్ క్వీన్' అను పేర భద్రపరుపబడినది. అట్టి పాత బండ్లను విప్పువారు రాడులపై కొట్టిన అంకెలను ముందుగా చూచుకొనవలయును. రాడును, దాని క్రింది మూతను కలిపి బోరింగు చేసియుందురు. ఒకదాని మూత మరొకదానికి బిగించిన రంధ్రము గుండ్రముగా నుండదు.