వాక్స్‌హాల్‌లో ఎవరూ అడగని రెండో ప్రశ్న

లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున వాక్స్‌హాల్ అనే పేట ఉంది. రైలుకట్ట కింద ఇటుక కమానులు, ఎప్పుడూ రద్దీగా ఉండే బస్టాండు, నది అంచున గూఢచారి శాఖ భవనం. ఈ చుట్టుపక్కలే ఒక మందుల షాపులో నేను ఫార్మసిస్టుని. సొంతూరు తెనాలి. నేను గే. ఇరవై ఏళ్లుగా లండన్‌లోని గే, బైసెక్సువల్ మగవాళ్లలో ఎందరినో మత్తుమందులు దెబ్బతీశాయి. అందులో చాలా ఈ వీధుల్లోనే జరిగింది. వాళ్లను తిరిగి నిలబెట్టే పని మొదలైంది కూడా ఈ ఊళ్లోనే. ఆ సంగతి తెలుగులో ఒకచోట రాసి పెట్టాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

1859 దాకా ఇక్కడొక తోట ఉండేది. దాదాపు రెండు వందల ఏళ్లపాటు లండన్ జనం పడవలెక్కి ఇక్కడికొచ్చి, దీపాల వెలుగులో పాటలు వింటూ, తాగుతూ, ఇంటి దగ్గర కుదరని పరిచయాలు చేసుకుంటూ గడిపారు. తోట మూతపడ్డాక ఆ స్థలంలోనే రాయల్ వాక్స్‌హాల్ టావెర్న్ అనే పబ్బు వెలిసింది. తరవాతి కాలంలో అది ఆడవేషాల ప్రదర్శనలకు, గే మగవాళ్ల కలయికకు పేరుపడింది. 1987లో పోలీసులు దానిమీద దాడికి వచ్చినప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొచ్చారు. ముట్టుకుంటే ఎయిడ్స్ అంటుకుంటుందని భయం. లిలీ సావేజ్ వేషంతో ఊరంతా నవ్వించిన పాల్ ఓ'గ్రేడీనీ ఆ రాత్రి పట్టుకుపోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో యువరాణి డయానా మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఎయిడ్స్ వార్డు ప్రారంభించి, తొడుగు లేని చేత్తో ఒక రోగి చెయ్యి పట్టుకుంది.

ఆ రబ్బరు తొడుగుల సంగతి తెలియకపోతే తరవాతి కథ అర్థం కాదు. అంతకు ఐదేళ్ల ముందు, 1982 జులైలో టెరీ హిగిన్స్ అనే వేల్స్ కుర్రవాడు ఇక్కడికి దగ్గర్లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో 37వ ఏట చనిపోయాడు. బ్రిటన్‌లో ఎయిడ్స్‌తో పోయిన మొదటివాళ్లలో ఒకడు. అతని స్నేహితులే ఒక ట్రస్టు పెట్టుకుని కరపత్రాలు పంచారు, ఫోన్లో సలహాలు చెప్పారు. 1988లో సెక్షన్ 28 వచ్చింది. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను 'ప్రోత్సహించకూడద'న్నారు. ఆ భయంతో బళ్లలో టీచర్లు ఆ ఊసెత్తడమే మానేశారు. ఇంగ్లండులో ఆ సెక్షన్ 2003 దాకా ఉంది. ఆ పదిహేనేళ్లలో బడికెళ్లిన పిల్లలకు తమ గురించి మంచిమాట చెప్పిన పెద్దమనిషి ఒక్కడైనా దొరకలేదు. ఆ పిల్లలే పెద్దవాళ్లయి వాక్స్‌హాల్ వచ్చారు.

1996లో హెచ్‌ఐవీకి కలగలుపు మందులు వచ్చాక చావులు తగ్గాయి. కమానుల కింద క్రాష్, ఫైర్ లాంటి క్లబ్బులు వెలిశాయి. శుక్రవారం మొదలైన ఆట సోమవారం దాకా సాగేది. బతికి బయటపడ్డ తరానికీ, కొత్తగా వచ్చిన తరానికీ అది పండగ. ఆ పండగను నేను తప్పుపట్టను. పోలీసులకు భయపడకుండా ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి పట్టుకుని నాట్యం చేసే చోటు కోసం మనుషులు ప్రాణాలే పెట్టారు.

అప్పట్లో క్లబ్బులో మింగేది ఎక్కువగా ఎక్స్‌టసీ. తరవాత మూడు మందులు దూసుకొచ్చాయి: క్రిస్టల్ మెత్, మెఫిడ్రోన్, 'జీ' అని పిలుచుకునే జీహెచ్‌బీ, జీబీఎల్. పుట్టుకను చూస్తే ఇవేవీ కొత్తవి కావు. మెథాంఫెటమిన్‌ను జపాన్ రసాయన శాస్త్రవేత్త నగాయి 1893లోనే తయారుచేశాడు. మెఫిడ్రోన్ 1929 నాటిది. కొత్తది ఏమిటంటే, 2009లో గే మగవాళ్లు ఒకరినొకరు వెతుక్కునే గ్రైండర్ యాప్ వచ్చింది. ఎవరు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నారో ఫోన్ చెప్పేస్తుంటే క్లబ్బుకు వెళ్లే పనేముంది? క్లబ్బుల్లో జరిగేది, మత్తూ శృంగారమూ కలిసి, ఇళ్లలోకి మారింది. క్లబ్బులో ఎవరైనా పడిపోతే చూసేవాళ్లుంటారు, గుమ్మం దగ్గర కాపలా ఉంటుంది, అంబులెన్సుకు ఫోన్ చేసేవాళ్లుంటారు. నాలుగో అంతస్తు ఫ్లాట్లో ఎవరున్నారు? 'జీ' విషయంలో హుషారు తెప్పించే మోతాదుకూ ఊపిరి ఆపే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ. మద్యం కలిస్తే ఆ కొద్దిపాటి తేడా కూడా ఉండదు. పక్కవాడు గురక పెట్టి నిద్రపోతున్నాడనుకుని వదిలేసినవాళ్లు తెల్లారి చూసుకునేసరికి ప్రాణం పోయి ఉండేది.

ఇదంతా ఎందుకు చేశారని మనవాళ్లు అడుగుతారు. కౌంటర్ దగ్గర నాతో మాట్లాడినవాళ్లు ఎవరూ కైపు కోసమని చెప్పలేదు. మందు పడితేనే సిగ్గు పోతుందన్నారు. ఒంటి మీద అసహ్యం పోతుందన్నారు. హెచ్‌ఐవీ ఉందని చెప్పాల్సి వస్తుందన్న బెదురు ఆ కాసేపు ఉండదన్నారు. బడిలో నోరు నొక్కేసిన దానికి ఈ గదుల్లో గొంతు దొరికింది, చాలా పెద్ద ఖరీదుకు.

మా షాపులో హెరాయిన్ మానేవాళ్లకు మెథడోన్ పోస్తాం, సూదులు మార్చి ఇస్తాం. ఆ రోజుల్లో సోమవారాలు మెళ్లో ఆఫీసు కార్డు వేలాడుతున్న కుర్రాళ్లు సూదులకు వచ్చేవాళ్లు. మోచేతి మడతలో కమిలిన మచ్చలు. మత్తు వదిలించే కేంద్రానికి వెళ్లమంటే, 'వెళ్లాను, హెరాయినా, కొకైనా, మద్యమా అని అడిగారు. నాది ఆ మూడూ కాదు. పక్క మీద సంగతి వాళ్ల ముందు ఎలా చెప్పను?' అన్నాడు ఒకాయన. సుఖవ్యాధుల క్లినిక్కులో పరీక్షలు చేసి, గనేరియాకు ఇంజక్షన్ ఇచ్చి, కండోములు చేతిలో పెట్టేవాళ్లు. మత్తు సంగతి అక్కడ అడిగేవాళ్లు కాదు. ఒకచోట మత్తు గురించే అడుగుతారు, ఇంకోచోట శరీరం గురించే. రెండూ ఒకే మనిషికి ఒకే రాత్రి జరుగుతున్నాయని ఎవరికీ తట్టలేదు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి, షిగెల్లా విరేచనాలు ఆ సందులోంచే పాకాయి.

ఈ రెండు ప్రశ్నలనూ కలిపి అడిగినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు డేవిడ్ స్టూవర్ట్. తనూ ఆ మందుల్లో మునిగి తేలినవాడే, హెచ్‌ఐవీతో బతికినవాడే. లండన్ ఫ్రెండ్ అనే పాత సంస్థ నడిపే యాంటిడోట్ అనే మత్తు విముక్తి సేవలో పనిచేసి, తరవాత సోహోలో 56 డీన్ స్ట్రీట్ క్లినిక్కుకు వచ్చాడు. ఈ మందులు తీసుకుని శృంగారం చేయడాన్ని చెప్పే కెమ్‌సెక్స్ అనే మాటను ప్రపంచమంతటా వ్యాప్తిలోకి తెచ్చింది ఆయనే. అక్కడ వచ్చినవాణ్ణి 'మానెయ్' అని ముందే అనరు. కిందటి వారం ఏం జరిగింది, ఏది నచ్చింది, ఏది వద్దనిపించింది, వచ్చే వారం ఒక్క రాత్రి ఆగగలవా అని అడుగుతారు. 2014లో లాంబెత్, సదర్క్, లూయిషామ్ కౌన్సిళ్ల కోసం లండన్ పరిశోధకులు 30 మంది మగవాళ్లతో గంటల తరబడి మాట్లాడి పుస్తకమంత నివేదిక ఇచ్చారు. మత్తులో ఒప్పుకున్నామో లేదో తమకే తెలియని రాత్రుల గురించి అందులో చెప్పారు. అంతకు పదేళ్ల ముందే న్యూయార్క్‌లో పీటర్ స్టేలీ తన సొంత డబ్బుతో చెల్సీ వీధుల్లో క్రిస్టల్‌కు వ్యతిరేకంగా పోస్టర్లు వేయించాడు. ఆయనా దాని చేతిలో చిక్కి బయటపడ్డవాడే. ఈ చరిత్రలో డాక్టర్లకన్నా ముందు కదిలింది ఆ దెబ్బ తిన్నవాళ్లే.

అందరూ అలా కదల్లేదు. 2014, 2015లలో తూర్పు లండన్‌లోని బార్కింగ్‌లో స్టీఫెన్ పోర్ట్ అనేవాడు 'జీ' ఇచ్చి నలుగురు కుర్రవాళ్లను చంపాడు. పోలీసులు చాలాకాలం ఆ చావులను కలిపి చూడలేదు. వాళ్ల తప్పులు ఆ చావులకు దోహదం చేశాయని 2021లో మరణ విచారణ (ఇంక్వెస్ట్) జ్యూరీ తేల్చింది. ఇంతమంది గే కుర్రవాళ్లు పోతే అది మత్తు గొడవేలే అని సరిపెట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

మందుల షాపువాడిగా నాకు గర్వమనిపించే సంగతి ఒకటుంది. హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్ర 86 శాతం రక్షణ ఇస్తుందని 2015లో ప్రౌడ్ అధ్యయనం తేల్చింది. అయినా ప్రభుత్వ ఆరోగ్య సేవ దాన్ని ఇవ్వడానికి ఏళ్లు పట్టింది, కోర్టు దాకా పోవలసి వచ్చింది. ఈలోగా గ్రెగ్ ఓవెన్, అలెక్స్ క్రాడాక్ ఒక వెబ్‌సైట్ పెట్టి, ఇండియాలో తయారైన చవక మాత్రలు తెప్పించుకునే దారి చూపించారు. అవి అసలువో నకిలీవో రక్తం పరీక్షించి చెప్పే పని డీన్ స్ట్రీట్ క్లినిక్ తలకెత్తుకుంది. మన దేశపు మాత్రలు వేసుకుని ఎందరో ఇక్కడ హెచ్‌ఐవీ నుంచి తప్పించుకున్నారు. 2016లో ఆ క్లినిక్కులో కొత్త కేసులు ఒక్క ఏడాదిలో 40 శాతం తగ్గాయి. 'జీ'కి మాత్రం అలాంటి మాత్ర లేదు.

ఒకసారి ఎమ్మెస్సీ చదివే కుర్రవాడు షాపులో నా పేరు చూసి, 'అన్నా, మీది ఏ ఊరు?' అన్నాడు. వాళ్లది సూర్యాపేట. షాపు ఖాళీ అయ్యేదాకా నిలబడి, నేలచూపులు చూస్తూ తన మత్తు సంగతి చెప్పాడు. 'ఇంట్లో తెలిస్తే సచ్చిపోతరన్నా.' నేను డీన్ స్ట్రీట్ చిరునామా రాసిచ్చాను, 'నేనూ నీలాంటివాణ్ణే తమ్ముడూ' అని కూడా చెప్పాను. వెళ్లాడు. మానాడు, జారాడు, మళ్లీ మానాడు.

చదువైపోయి హైదరాబాద్ వెళ్లాడు. ఇండియాలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరమనే సెక్షన్ 377 కోరలు తీసింది. నాలుగు రోజులకే హెచ్‌ఐవీ చట్టం అమల్లోకి వచ్చి గోప్యతకు హామీ ఇచ్చింది. మత్తుకు బానిసై స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చేవాణ్ణి ప్రాసిక్యూషన్ నుంచి కాపాడే 64ఏ సెక్షన్ మత్తుమందుల చట్టంలో ఉంది. మెఫిడ్రోన్‌ను కూడా 2015లోనే ఆ చట్టం కిందికి తెచ్చారు. అయితే జాతీయ ఎయిడ్స్ కార్యక్రమంలో మగవాళ్లతో కలిసే మగవాళ్లది ఒక పద్దు, సూదితో మత్తు తీసుకునేవాళ్లది ఇంకో పద్దు. రెండూ అయినవాడు ఏ పద్దులో పడతాడు? ఆ కుర్రవాడు మొన్న ఫోన్ చేశాడు. 'పరీక్షలకాడ ఒక ముచ్చట చెప్పాలె, డీఅడిక్షన్ కాడ ఇంకో ముచ్చట చెప్పాలె. రెండూ ఒక్కతాన చెప్పే జాగా ఉన్నదా అన్నా?' అని అడిగాడు. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తున్నాను.